హెచ్‌ఐవీ మందులతో పాటు వార్ఫరిన్ వాడేవారికి కోగూచెక్ ఎక్స్‌ఎస్ మీటరు: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

కోగూచెక్ ఎక్స్‌ఎస్ అరచేతిలో ఇమిడే మీటరు. వేలి కొస నుంచి ఒక్క బొట్టు రక్తం పెడితే నిమిషంలో ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో తెలిపే అంకె, చెబుతుంది. రక్తాన్ని పలచబరిచే మందు వార్ఫరిన్ వాడే చాలామందికి అది సౌకర్యం, అంతే. హెచ్‌ఐవీ మందులు కూడా వాడేవారికి మాత్రం సౌకర్యాన్ని మించిన అవసరం, ఎందుకంటే వాళ్ల ఐఎన్‌ఆర్‌ను అటూ ఇటూ లాగేవి చాలా ఉంటాయి. అయితే ఈ మీటరు తప్పు అంకె చూపించే పరిస్థితులు కూడా వాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తాయి. కొనే ముందు ఈ రెండో సంగతి తేల్చుకోవాలి. అమ్మేవాళ్లు దీన్ని పైకి చెప్పరు, పెట్టెలో ఉండే కాగితంలో సన్న అక్షరాల్లో ఉంటుంది.

అసలు గడ్డల గొడవ హెచ్‌ఐవీలో ఎందుకు వస్తుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. సిరల్లో గడ్డ కట్టే ముప్పు హెచ్‌ఐవీ ఉన్నవారిలో మిగతావారికన్నా కొన్ని రెట్లు ఎక్కువ. సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) బాగా పడిపోయినప్పుడు, ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చి మంచాన పడినప్పుడు ఇంకా పెరుగుతుంది. వైరస్ వల్ల ఒంట్లో ఎడతెగని వాపు స్థితి ఉంటుంది, గడ్డలను అదుపులో ఉంచే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది, గడ్డలు కరిగేటప్పుడు పుట్టే డీ-డైమర్ పెరుగుతుంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) మొదలుపెడితే ఈ మార్పులు తగ్గుతాయి, పూర్తిగా మామూలుకు రాకపోవచ్చు. ఏఆర్‌టీని మధ్యలో ఆపితే ఏమవుతుందో 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనం చూపించింది: ఆపినవారిలో నెల తిరక్కుండానే డీ-డైమర్ పెరిగింది. కాబట్టి వార్ఫరిన్‌తో పొసగడం లేదని హెచ్‌ఐవీ మందు మానేయడం గడ్డను పిలిచి పీట వేయడమే.

ముందు మీకు ఈ మీటరు అవసరమా?

ఇది వార్ఫరిన్, ఆ కుటుంబానికి చెందిన మందులు వాడేవారికి మాత్రమే. రివరాక్సబాన్, అపిక్సబాన్, డాబిగాట్రాన్ అనే కొత్త పలచబరిచే మందులు వాడేవారికి ఇది పనికిరాదు. వాటి మోతాదును ఐఎన్‌ఆర్ చూసి నిర్ణయించరు. పైగా రివరాక్సబాన్ రక్తంలో ఉండగా ఈ మీటరులో కొలిస్తే ఐఎన్‌ఆర్ ఎక్కువగా కనిపించవచ్చు. రివరాక్సబాన్ నుంచి వార్ఫరిన్‌కు మారే రోజుల్లో ఆ అంకె చూసి వార్ఫరిన్ తగ్గిస్తే అసలుకే మోసం.

ఇప్పుడు చాలామంది డోలుటెగ్రావిర్ లేదా బిక్టెగ్రావిర్ ఉన్న హెచ్‌ఐవీ మాత్ర మీద ఉన్నారు. వాటికి ఈ కొత్త పలచబరిచే మందులతో పెద్ద పేచీ లేదు. మామూలు కాలి గడ్డకు అలాంటివారికి వార్ఫరిన్, మీటరు, వారం వారం వేలు గుచ్చుకోవడం ఇవన్నీ లేకుండానే గడిచిపోవచ్చు. మీటరు కొనే డబ్బు పక్కన పెట్టి ముందు ఈ మాట డాక్టరుతో మాట్లాడండి.

అయినా వార్ఫరిన్ తప్పనివాళ్లు కొందరు ఉంటారు. గుండెలో లోహపు కృత్రిమ కవాటం ఉన్నవారు మొదటి రకం. కొత్త మందులు వాళ్లకు నిషిద్ధం. రెండో రకం, రిటోనావిర్ లేదా కోబిసిస్టాట్ ఉన్న మందు మార్చడానికి వీల్లేనివారు. ఈ రెండూ బూస్టర్లు, అంటే హెచ్‌ఐవీ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైమును అణిచేవి. అదే ఎంజైము రివరాక్సబాన్‌ను కూడా విరగ్గొట్టాలి. రిటోనావిర్‌తో కలిపి ఇస్తే రివరాక్సబాన్ ఒంటికి అందే మొత్తం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, రక్తస్రావం ముప్పూ పెరుగుతుంది. ఇక మూడో రకం యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే ఒంట్లో పుట్టే కొన్ని యాంటీబాడీల వల్ల గడ్డలు కట్టే జబ్బు ఉన్నవారు. ఆ యాంటీబాడీల మూడు పరీక్షలూ పాజిటివ్ వచ్చిన ఈ రోగుల్లో రివరాక్సబాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చిన ట్రాప్స్ అధ్యయనాన్ని 2018లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, రివరాక్సబాన్ వైపు గడ్డలు ఎక్కువయ్యాయి. చిక్కేమిటంటే ఈ మూడో రకం వారికే ఈ మీటరు సరిగా పనిచేయకపోవచ్చు. దాని సంగతి కింద విడిగా ఉంది, దాటవేయకండి.

లోపల ఏం జరుగుతుంది

స్ట్రిప్పు మీద గడ్డకట్టే పనిని మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్ ఎండబెట్టి ఉంటుంది. రక్తం తగలగానే గడ్డకట్టే గొలుసు మొదలై థ్రాంబిన్ అనే ఎంజైము పుడుతుంది. ఆ థ్రాంబిన్ స్ట్రిప్పులో ఉన్న ఒక చిన్న పెప్టైడ్‌ను తెంపుతుంది, దానివల్ల పుట్టే విద్యుత్ సంకేతాన్ని మీటరు పట్టుకుంటుంది. ఎన్ని సెకన్లకు పట్టుకుందో లెక్కగట్టి ఐఎన్‌ఆర్‌గా మారుస్తుంది. అంటే ఇది గడ్డను చూడటం లేదు, గడ్డకు దారితీసే థ్రాంబిన్‌ను చూస్తోంది. ల్యాబ్ పద్ధతికీ దీనికీ తేడా రావడానికి ఇదీ ఒక కారణం.

కావాల్సిన రక్తం 8 మైక్రోలీటర్లు, పెసరగింజంత బొట్టు కూడా అక్కర్లేదు. చూపించే పరిధి 0.8 నుంచి 8.0 వరకు. స్ట్రిప్పులోనే నాణ్యత పరీక్ష ఒకటి ఉంటుంది. ఎండకో తేమకో స్ట్రిప్పు చెడిపోతే మీటరు అంకె ఇవ్వకుండా లోపం అని చెబుతుంది. ఈ ఏర్పాటు మాకు బాగా నచ్చింది, తప్పు అంకె కన్నా అంకె లేకపోవడమే మేలు. బ్లూటూత్ కావాలనుకునేవారికి ఇదే కంపెనీ ఇన్‌రేంజ్ అనే మోడల్ ఇస్తోంది. స్ట్రిప్పులు రెండింటికీ అవే కాబట్టి కింద చెప్పే మంచిచెడ్డలు దానికీ వర్తిస్తాయి.

వాడే తీరు, తప్పులు జరిగే చోట్లు

స్ట్రిప్పుల డబ్బాతో పాటు ఒక కోడ్ చిప్ వస్తుంది. ఆ డబ్బాకు ఆ చిప్పే. పాత డబ్బా చిప్ మీటరులోనే ఉండిపోవడం సర్వసాధారణం. తెర మీద కనిపించే కోడ్ అంకె డబ్బా మీది అంకెతో సరిపోయిందా లేదా అని ప్రతిసారీ చూసి మరీ బటన్ నొక్కాలి. రెండు డబ్బాలు ఒకేసారి విప్పి పెట్టుకోకండి.

చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వెచ్చదనం వల్ల రక్తం తేలిగ్గా వస్తుంది, తడి ఉంటే బొట్టు పలచబడి అంకె తప్పుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే అదీ పూర్తిగా ఆరాలి. చేతిని ఒక నిమిషం కిందికి వేలాడేసి ఉంచండి. డబ్బా నుంచి స్ట్రిప్పు తీసిన వెంటనే మూత బిగించాలి. బయటికి తీసిన స్ట్రిప్పుకు ఆయుష్షు 10 నిమిషాలే. మీటరులో పెడితే అది దాన్ని వేడెక్కించుకుని, బొట్టు గుర్తు మిణుకుతూ 180 సెకన్ల గడువు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. వేలు గుచ్చాల్సింది అప్పుడే, ముందు కాదు.

గుచ్చేది వేలి కొస నడిమధ్య కాదు, పక్కన. నొప్పి తక్కువ. గుచ్చిన 15 సెకన్ల లోపు మొదటి బొట్టే స్ట్రిప్పుకు తగిలించాలి. షుగర్ మీటరు అలవాటు ఉన్నవారు మొదటి బొట్టు తుడిచేసి రెండోది పెడతారు. ఇక్కడ అలా చేయకూడదు. గుచ్చగానే ఆ చోట గడ్డకట్టే పని మొదలైపోతుంది, ఆలస్యమైతే సగం పని వేలి మీదే అయిపోయిన రక్తాన్ని కొలిచినట్టు అవుతుంది. వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి అదే గొడవ. బొట్టు చాల్లేదని పైన ఇంకో బొట్టు వేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ స్ట్రిప్పు పారేసి, వేరే వేలితో కొత్తగా మొదలుపెట్టండి. బీప్ మోగాక అంకె వచ్చేదాకా మీటరును కదపకుండా ఉంచాలి.

అంకె పక్కన సి అనే అక్షరం వస్తే పట్టించుకోకుండా వదిలేయకండి. వేళ్లు తడిగా ఉన్నాయని గానీ, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) బాగా తక్కువగా ఉందని గానీ దాని అర్థం. చేతులు ఆరబెట్టి మళ్లీ చేసినా వస్తే ఆ అంకెతో మోతాదు మార్చకూడదు, ల్యాబ్‌కు వెళ్లాలి.

హెచ్‌ఐవీ మందులు మీటరును తప్పుదోవ పట్టించే చోట్లు

పెట్టెలోని కాగితంలో ఉన్న హద్దులను హెచ్‌ఐవీ మందుల పక్కన పెట్టి చదివితే కొన్ని నిజమైన చిక్కులు, కొన్ని ఉత్త భయాలు తేలతాయి.

హెమటోక్రిట్ 25 నుంచి 55 శాతం మధ్య ఉంటేనే అంకె నమ్మదగ్గది. జిడోవుడిన్ వాడేవారిలో రక్తహీనత తెలిసిన సంగతే, కొందరిలో హెమటోక్రిట్ 25 కన్నా కిందికి దిగుతుంది. ఆ మందు మీద ఉంటే ఇటీవలి రక్తపరీక్ష కాగితం చూడకుండా మీటరు వాడటం మొదలుపెట్టకండి.

ట్రైగ్లిసరైడ్ల హద్దు డెసిలీటరుకు 500 మిల్లీగ్రాములు. లోపినావిర్-రిటోనావిర్ మీద ఏళ్ల తరబడి ఉన్న కొందరిలో ఇది దాటుతుంది. కొవ్వు పరీక్ష ఏడాదికోసారైనా చేయించుకుంటున్నవారికి ఇది ముందే తెలిసిపోతుంది.

అటజనావిర్ వాడేవారు కళ్లు పచ్చబడ్డాయని, మీటరు తప్పు చూపిస్తుందేమోనని కంగారు పడతారు. అక్కర్లేదు. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ హద్దు డెసిలీటరుకు 30 మిల్లీగ్రాములు, అటజనావిర్ వల్ల మామూలుగా పెరిగేది దానికి చాలా దూరంలో ఉంటుంది. కొత్తగా గడ్డ వచ్చి వార్ఫరిన్‌తో పాటు రక్తాన్ని పలచబరిచే ఎనాక్సపారిన్ సూదులు నడుస్తున్నా, మామూలు మోతాదుల్లో మీటరుకు అడ్డు కాదు.

అసలు చిక్కు యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, అందులోనూ ల్యూపస్ యాంటికోయాగ్యులెంట్ అనే రకం. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇవి మామూలు జనంలో కన్నా తరచుగా కనిపిస్తాయి. చాలామందిలో ఏ హానీ లేకుండా ఉంటాయి, కొద్దిమందిలో మాత్రం సిండ్రోమ్‌గా మారి గడ్డలు తెస్తాయి. పేరులో యాంటికోయాగ్యులెంట్ (గడ్డకట్టనివ్వనిది) అని ఉన్నా ఒంట్లో చేసేది గడ్డకట్టించే పనే. పరీక్షనాళికలో మాత్రం ఇవి స్ట్రిప్పులోని ఫాస్ఫోలిపిడ్‌ను పట్టుకుని కాలాన్ని సాగదీస్తాయి. ఫలితంగా మీటరు ఐఎన్‌ఆర్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. 2 నుంచి 3 మధ్య ఉండాల్సిన ఐఎన్‌ఆర్ అసలు 1.8 ఉంటే తెర మీద 2.7 కనిపించిందనుకోండి, అంతా బాగుందని ఊరుకుంటారు, ఆ లోపల గడ్డ పెరుగుతూనే ఉంటుంది. ఇది ఈ కంపెనీ మీటరు ఒక్కదాని లోపం కాదు, ఫాస్ఫోలిపిడ్ మీద ఆధారపడే ప్రతి పద్ధతికీ ఎంతో కొంత ఉంటుంది.

దారి లేకపోలేదు. మీటరు కొనకముందే ల్యూపస్ యాంటికోయాగ్యులెంట్ పరీక్ష జరిగిందో లేదో అడగండి. వార్ఫరిన్ మొదలుపెట్టాక ఆ పరీక్ష ఫలితం చదవడం కష్టం, ముందే చేయించడం మేలు. పాజిటివ్ అయితే సిర రక్తంతో క్రోమోజెనిక్ ఫ్యాక్టర్ టెన్ పరీక్ష (ఈ యాంటీబాడీలు చెడగొట్టనిది) చేయించి దానితో మీటరు అంకెను పోల్చాలి. ఆ పరీక్షలో 20 నుంచి 40 శాతం వస్తే ఐఎన్‌ఆర్ సుమారు 2 నుంచి 3 ఉన్నట్టు. దాన్నిబట్టి మీ మీటరు అంకెలు ఎంత పక్కకు పోతున్నాయో తెలుస్తుంది. ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉండకపోతే ఈ మీటరు మీకు కాదు.

మందు మారే వారాలు: మీటరు విలువ తెలిసేది ఇక్కడే

2010లో వెలువడిన థిన్‌ర్స్ అనే పెద్ద అధ్యయనంలో 2,922 మందిని రెండు భాగాలు చేసి, ఒకరికి ఇంట్లో వారం వారం, మరొకరికి క్లినిక్‌లో నెలకోసారి ఐఎన్‌ఆర్ చూశారు. పక్షవాతం, పెద్ద రక్తస్రావం, మరణం వీటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మందులు నిలకడగా ఉన్నవారు మీటరు కొనకపోయినా నష్టపోయేదేమీ లేదు. హెచ్‌ఐవీ మందు మారుతున్నవారి లెక్క వేరు.

రిటోనావిర్ ఒక చేత్తో సీవైపీ3ఏ4ను అణుస్తూ, ఇంకో చేత్తో సీవైపీ2సీ9 అనే మరో ఎంజైమును ఎగదోస్తుంది. వార్ఫరిన్‌లో బలమైన సగాన్ని విరగ్గొట్టేది ఈ రెండోదే. అందుకే రిటోనావిర్ మొదలుపెడితే ఐఎన్‌ఆర్ పడిపోతుంది, వార్ఫరిన్ పెంచాల్సి వస్తుంది. ఇది అందరికీ గుర్తుంటుంది. మరచిపోయేది దీని వెనకపక్క: రిటోనావిర్ ఆపి డోలుటెగ్రావిర్‌కు మారినప్పుడు ఆ ఎగదోపు రెండు వారాల్లో మెల్లగా పోతుంది, పెంచిన వార్ఫరిన్ మోతాదు మాత్రం అలాగే ఉంటుంది. మూడో వారానికి ఐఎన్‌ఆర్ 5 దాటినా ఆశ్చర్యం లేదు. రిటోనావిర్ నుంచి కోబిసిస్టాట్‌కు మారినా ఇదే కథ, ఎందుకంటే కోబిసిస్టాట్‌కు సీవైపీ2సీ9ను ఎగదోసే గుణం లేదు. రెండూ బూస్టర్లే కదా, ఒకదాని బదులు ఇంకొకటి అనుకోవడం ఇక్కడ ప్రమాదం.

ఎఫవిరెంజ్‌తో ఐఎన్‌ఆర్ ఎటైనా పోవచ్చు. ఎట్రావిరిన్‌తో పెరిగే అవకాశం ఎక్కువ. డోలుటెగ్రావిర్, బిక్టెగ్రావిర్, రాల్టెగ్రావిర్, రిల్పివిరిన్, డోరావిరిన్ వార్ఫరిన్ జోలికి పెద్దగా పోవు. నిజం చెప్పాలంటే హెచ్‌ఐవీ మందులకన్నా వాటి పక్కన ఇచ్చే మందులే ఎక్కువ అల్లరి చేస్తాయి. ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్, మెట్రోనిడజోల్ ఈ మూడూ కొద్ది రోజుల్లోనే ఐఎన్‌ఆర్‌ను పైకి లేపుతాయి. క్షయకు రిఫాంపిసిన్ మొదలైతే కిందికి కుంగదీస్తుంది, వార్ఫరిన్ రెండు నుంచి అయిదు రెట్లు కావాల్సి రావచ్చు. క్షయ కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆపిన రోజు నుంచి మళ్లీ రక్తస్రావం వైపు జారుడుబల్లే.

వార్ఫరిన్ చూసే డాక్టరు ఒకరు, హెచ్‌ఐవీ మందు ఇచ్చేవారు మరొకరు కావడం మామూలే. ఒకరి చీటీలో ఇంకొకరి మందు ఉండదు. మీటరు పెట్టెలోనే మీరు వాడే మందులన్నిటి జాబితా, ప్రతిదీ మొదలైన తేదీ, ఆగిన తేదీ రాసి ఉంచండి. హెచ్‌ఐవీ పేరు రాయడం ఇష్టం లేకపోతే మందు పేరు చాలు, డాక్టరుకు అర్థమవుతుంది.

మందు మారే రోజున ఒకసారి కొలవండి. తరవాత 4, 7, 11, 14 రోజుల్లో, ఆపై 21, 28, 35, 42 రోజుల్లో. వార్ఫరిన్ మోతాదు మార్పు ప్రభావం ఐఎన్‌ఆర్‌లో కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి రోజూ కొలిచి రోజూ మార్చడం వల్ల అయోమయమే తప్ప ఉపయోగం లేదు. ఏ అంకెకు ఏం చేయాలో డాక్టరుతో ముందే మాట్లాడి రాసిపెట్టుకోండి. 4.5 దాటిన ఏ అంకెనైనా సిర రక్తంతో ల్యాబ్‌లో సరిచూసుకోవాలి. నల్లటి విరేచనం, ఆగని రక్తం, ఉన్నట్టుండి తలనొప్పి, కాలు వాపు, ఆయాసం ఉంటే మీటరు అంకె బాగున్నా సరే, ముందు ఆసుపత్రికి.

నమ్మకం మీద ఒక మచ్చ

2018లో ఈ స్ట్రిప్పులను పెద్ద ఎత్తున వెనక్కి పిలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణానికి తగ్గట్టు స్ట్రిప్పులను సరిదిద్దాక, 4.5 పైన ఐఎన్‌ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించడం మొదలైంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అత్యంత తీవ్రమైన మొదటి తరగతి రీకాల్‌గా ప్రకటించింది, 11 లక్షలకు పైగా ప్యాకెట్లు. కంపెనీ పాత ప్రమాణానికి తిరిగి వెళ్లి కొత్త స్ట్రిప్పులు ఇచ్చింది. అంతకు ముందు ఇన్‌రేషియో అనే పోటీ మీటరును 2016లో పూర్తిగా మార్కెట్ నుంచే తీసేశారు. దానితో పోలిస్తే ఇది నిలబడింది, కానీ కొత్త డబ్బా విప్పిన ప్రతిసారీ కాకపోయినా, ఆరు నెలలకోసారైనా ఒకే పూట మీటరులోనూ ల్యాబ్‌లోనూ చూసుకోవడం మంచిది. 2 నుంచి 3 మధ్య రెండిటికీ 0.5 లోపు తేడా ఉంటే సరే.

శుభ్రత

మీటరు ఒక్కరికే. ఇంట్లో ఇద్దరు వార్ఫరిన్ వాడుతున్నా వేలు గుచ్చే లాన్సెట్ పెన్ను పంచుకోకూడదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మొత్తం) కనిపించనంత తక్కువ ఉంటే శృంగారం ద్వారా హెచ్‌ఐవీ సోకదన్న మాట రుజువైనదే, కానీ దాన్ని సూదులకు వర్తింపజేయకండి. పైగా రక్తంతో వచ్చేవి హెపటైటిస్ బీ, సీ కూడా ఉన్నాయి. వాడిన లాన్సెట్, స్ట్రిప్పు గుచ్చుకోని గట్టి డబ్బాలో వేయాలి. మీటరు ఆపి, 70 శాతం ఆల్కహాల్‌తో తడిపి బాగా పిండిన గుడ్డతో తుడవండి. స్ట్రిప్పు దూరే చోటి మూత ఊడదీసి శుభ్రం చేయవచ్చు, లోపలికి మాత్రం చుక్క కారకూడదు. ఎండిన రక్తం అక్కడ పేరుకుంటే తరవాతి స్ట్రిప్పులు లోపం చూపిస్తాయి.

స్ట్రిప్పులు 6, 24 చొప్పున డబ్బాల్లో వస్తాయి, 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. పైన చెప్పిన ఆరు వారాలకే తొమ్మిది స్ట్రిప్పులు పడతాయి. మొదట్లో చేయి తిరిగేదాకా రెండు మూడు పాడవుతాయి, ల్యాబ్‌తో పోల్చడానికి మరో రెండు. 6 స్ట్రిప్పుల డబ్బా కొంటే సరిగ్గా ఐఎన్‌ఆర్ ఎగబాకే మూడో వారానికి చేతిలో ఏమీ మిగలదు. 24 డబ్బా తీసుకోండి, గడువు తేదీ కనీసం ఆరు నెలలు ఉందో లేదో చూసి తీసుకోండి.